తుడిచినా పోని కొంగ

మా ఇంగ్లీషు అయ్యవారు పోయారన్న కబురు కంభం నుంచి హుసేన్‌బీ ఫోన్ చేసి చెప్పింది. హుసేన్‌బీ మార్కాపురం హైస్కూల్లో నాతోపాటు ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్న మనిషి. మాకిద్దరికీ డెబ్భై ఐదు దాటాయి. ఫోన్ ఎత్తగానే పలకరింపు లేదు, బాగుండావా అన్న మాట లేదు. "మన అయ్యవారు బాల్చీ తన్నినారే" అంది. అని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి భోరుమంది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే ఇద్దరం నవ్వాం.

చదివేవాళ్ళు నొచ్చుకోవద్దు. ఆ మాట వాడటానికి మాకు ఆయన అనుమతి ఉంది.

అదేమిటో చెప్పాలంటే ఆయన పెట్టిన ఒక పద్ధతి గురించి చెప్పాలి. ప్రతి సోమవారం ఆయన ఒక ఇంగ్లీషు జాతీయం చెప్పేవారు. దాని అర్థం బట్టీపట్టి అప్పజెబితే ఒప్పుకునేవారు కాదు. వచ్చే సోమవారం లోపల ఊళ్ళో నిజంగా జరిగిన సంగతి ఏదో ఒకటి చూసి, దానికి ఆ జాతీయాన్ని వాడాలి. వాడిన తర్వాతే నోటుబుక్కులోకి ఎక్కించాలి. "వాడని జాతీయం కట్టని చీర లాంటిది. పెట్టెలో మడత మీదే చిరిగిపోతుంది" అనేవారు.

ఒక సోమవారం కిక్ ద బకెట్ చెప్పారు. చనిపోవడం అని అర్థం, మన బాల్చీ తన్నడమే. వెనక బెంచీ అబ్బాయి ఒకడు లేచి, "దీన్ని ఎట్ల వాడేది సార్? వారం లోపల ఎవరో ఒకరు పోవాల గదా" అన్నాడు. క్లాసంతా మెల్లగా తిరిగి, ఇంట్లో ముసలమ్మలు ఉన్న పిల్లల వైపు చూసింది. అయ్యవారు సుద్ద కింద పెట్టి, "నిజమే. ఈ ఒక్కటీ ఆపండి. నేను పోయినప్పుడు వాడుకోండి. అందరూ వాడాలి, ఒక్కరు కూడా మానకూడదు" అన్నారు. హుసేన్‌బీ ఆ మాట అరవై ఏళ్ళకు పైగా దాచిపెట్టి, మొన్న వాడింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయిన రోజులవి. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లా. కొత్త రాష్ట్రం వచ్చింది, ఇంకేముంది అని పెద్దవాళ్ళు అరుగుల మీద మాట్లాడుకునేవాళ్ళు. మాకు మాత్రం కొత్తగా వచ్చింది ఆయనే. గుంటూరు వైపు నుంచి ఒక ఇనప పెట్టె, ఒక గొడుగు పట్టుకుని రైలు దిగారు. పంచె మీద నల్లకోటు వేసేవారు. మా ఊరి మే నెలలో కూడా ఆ కోటు విప్పేవారు కాదు. వాన పేరు మర్చిపోయిన ఊళ్ళో రోజూ గొడుగు పట్టుకుని తిరిగేవారు. వచ్చాడు, వెళ్ళాడు, ఏమిటీ అని మాట్లాడేవారు. వచ్చినాడు, పోయినాడు, ఏంది అనే మాకు ఆ మాటలు వింటే చక్కిలిగింత పెట్టినట్టుండేది.

మనిషి పొడుగు, సన్నం. మా ఊరు పలకల ఊరు. గనుల నుంచి బండరాయి వస్తుంది, ఇంటింటి వెనక పాకల్లో దాన్ని చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించి పిల్లలు రాసుకునే పలకలు చేస్తారు. అందుకని మా వీధుల నిండా విరిగిన పలక పెంకులే. మాకు పుట్టినప్పటి నుంచి అలవాటు, చూడకుండా నడుస్తాం. అయ్యవారు మాత్రం చెప్పులు తెగుతాయని ప్రతి అడుగూ మోకాలిదాకా ఎత్తి, చూసుకుని, పెట్టేవారు. వచ్చిన మూడోరోజుకే ఆయనకు కోటు కొంగ అని పేరు పడింది. ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను మాత్రం కాదు. నేను చేసింది అంతకంటే పెద్ద పని, దాని దగ్గరికి వస్తాను.

ఆయన పద్ధతి వల్ల ఊరు ఊరంతా మాకు పాఠశాలైపోయింది. టీ కప్పులో తుఫాను అనే జాతీయం చెప్పిన వారం మగపిల్లలు బస్టాండు హోటలు దగ్గర కాపలా కాశారు. త్రిపురాంతకం బస్సు ముందు పోతుందా, పొదిలి బస్సు ముందు పోతుందా అని ఇద్దరు పెద్దమనుషులు తగువులాడుకుంటూ ఉంటే, నోటుబుక్కు పట్టుకుని వాళ్ళ చుట్టూ నిలబడి, "మామా, ఇంకా కొంచెం గట్టిగా కొట్లాడుకో, సోమవారం చెప్పుకోవాల" అన్నారంట. హుసేన్‌బీ అయితే, సంచిలో పిల్లిని బయటికి వదలడం, అంటే గుట్టు రట్టు చేయడం అనే జాతీయం వాడటానికి, వాళ్ళన్న పరీక్ష అని చెప్పి కర్నూలు పోయి సినిమా చూసొచ్చిన సంగతి అన్నాల దగ్గర చెప్పేసింది. అన్నకు దెబ్బలు పడ్డాయి. ఈమెకు పదికి పది పడ్డాయి. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్ అంటే ఎప్పుడో అరుదుగా ఒకసారి అని ఆయన చెబితే, "కంభం చెరువు అలుగు పారినప్పుడు అన్నట్టా సార్?" అని ఎవరో అడిగారు. ఆయన ఆ మాట తన పుస్తకంలో రాసుకున్నారు. మా మాటలు రాసుకున్న మొదటి అయ్యవారు ఆయనే.

ఒక్క జాతీయం మాత్రం ఆయన చెప్పకుండా దాచారు. కుండపోత వానకు ఇంగ్లీషువాళ్ళు పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయి అంటారట. "వాన పడినప్పుడు చెబుతాను. చూడకుండా ఏం వాడతారు?" అని ఆపారు. ఏడాది గడిచింది, వాన లేదు. ఇంకో ఆరు నెలలు గడిచాయి. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి కుమ్మరించింది. మేము పాకలో పలకలకు పట్టా కప్పుతున్నాం. చూస్తే వీధిలో అయ్యవారు. పంచె మోకాళ్ళ పైకి కట్టి, గొడుగు తనకు పట్టుకోకుండా పుస్తకానికి పట్టి, ఇంటింటి ముందూ ఆగి, "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్! బయటికి వచ్చి చూడండి! వాడండి!" అని అరుస్తున్నారు. మా ఎదురింటి అవ్వ ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, "పిల్లులు కురిస్తే ఏం లాభం నాయనా, నీళ్ళు కురిస్తే కంది పంటన్నా చేతికొచ్చు" అంది. ఆయనకు ఆ తర్వాత నాలుగు రోజులు జ్వరం.

ఇక నా సంగతి.

మా నాయన పలకలు కోసేవాడు. మా అమ్మ చట్రాలు బిగించేది. నా పని రూళ్ళు గీయడం. చిన్నపిల్లలు వంకర పోకుండా రాయడానికి కొన్ని పలకల మీద గీతలుంటాయి గదా, అవి చెరిగిపోకూడదు గనుక మొనదేలిన మేకుతో గీస్తారు. ఏడేళ్ళ వయసు నుంచి నేను అదే పని చేశాను. ఎంత సన్నని గీతైనా నా చెయ్యి వణకదు. ఇంటి నిండా పలకలున్నా మా నాయన మాత్రం ఒక్క అక్షరం నేర్వలేదు. అట్లాంటి మనిషి, ఆడపిల్లకు హైస్కూలు ఏందని వీధంతా అంటున్నా నన్ను పంపాడు. ఒక్కటే షరతు పెట్టాడు. "బడి నుంచి ఒక్క చాడీ ఇంటికి రాగూడదు పాపా. వచ్చిందా, మళ్ళా మేకు పట్టుకోవాల్సిందే" అన్నాడు. మా నాయన మాట అంటే రాతి మీద గీతే. ఇతరుల పిల్లలు రాసుకునే గీతలు గీస్తూ బతకడం నాకిష్టం లేదు. ఆ గీతల మధ్య నేను రాయాలి. అప్పట్లో నాకు కావలసింది అదొక్కటే.

కావలసింది అదొక్కటే అయినప్పుడు బుద్ధిగా ఉండాలి గదా. ఉండలేదు. ఒకరోజు పాకలో అద్దంలాగా నున్నగా వచ్చిన పలక ఒకటి కనబడింది. చేతిలో మేకు ఉంది. చెయ్యి ఊరుకోలేదు. ఒంటికాలు మీద నిలబడ్డ కొంగను గీశాను. దానికి కోటు తొడిగాను, గుండీలు కూడా పెట్టాను. కుడి రెక్క కింద, పలక కింది మూలకు వచ్చేట్టు, చిన్న గొడుగు పెట్టాను. గొడుగు మీద మోజు ఎక్కువై, దాన్ని గట్టిగా అదిమి లోతుగా గీశాను. హుసేన్‌బీకి చూపించి చెరిపేద్దామని రూళ్ళు లేని పలకల అడుగున దాచాను. చెరిగేది కాదని నాకు తెలుసు. అయినా చెరిపేద్దామనే అనుకున్నాను.

ఆ తర్వాత వచ్చిన ఆదివారమే అయ్యవారు మా ఇంటికి వచ్చారు. నేను నీళ్ళకు పోయి ఉన్నాను. "రేపటి పాఠానికి మంచి పలక ఒకటి కావాలండీ" అన్నారట. హైస్కూలు అయ్యవారు తన పాకలోకి తలవంచుకుని రావడంతో మా నాయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. దొంతరలన్నీ కదిపి, అన్నిటికంటే నున్నని పలక ఏరి, చట్రం బిగించి, కంగారులో కడగకుండానే కాగితం చుట్టి చేతిలో పెట్టాడు. నేను బిందెతో వచ్చేసరికి అయ్యవారు పలక చంకలో పెట్టుకుని, పెంకుల మీద అడుగులు ఎత్తి ఎత్తి వేస్తూ వీధి మలుపు తిరుగుతున్నారు. దొంతర కింద వెతికితే కొంగ లేదు.

ఇక్కడ పలకల సంగతి ఒకటి చెప్పాలి. కడగని పలకంతా రాతిపొడి పట్టి బూడిద రంగులో ఉంటుంది. దాని మీద మేకు గీత కనపడదు. తడిపితే పలక నల్లబడుతుంది, అప్పుడూ కనపడదు. ఆరాలి. ఆరేటప్పుడే గీత తెల్లగా పైకి లేస్తుంది.

సోమవారం అయ్యవారు ఆ పలక పట్టుకుని ఉత్సాహంగా వచ్చారు. "ఈ వారం జాతీయం మీ ఊరిది" అన్నారు. "క్లీన్ స్లేట్. పాత తప్పులన్నీ మర్చిపోయి, ఎవరినైనా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టనివ్వడం. చూడండి." పలక మీద సుద్దతో తప్పు అని రాశారు. తడిగుడ్డతో తుడిచారు. పలకను మాకు ఎదురుగా, రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నారు. "ఏమైనా కనబడుతోందా?"

"లేదు సార్."

"పోయింది గదా? ఇక ఎవ్వరికీ గుర్తుండదు. అదీ క్షమించడమంటే." అట్లా పలక ఎత్తి పట్టుకునే పది నిమిషాలు చెప్పారు. పలక ఆరసాగింది. ముందు ఒంటికాలు లేచింది. తర్వాత ముక్కు. తర్వాత ఒక్కొక్క గుండీ. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యవారు తన ఉపన్యాసం బాగుందనుకుని ఇంకా గొంతు పెంచారు. "పాత మచ్చ ఒక్కటైనా మిగలదు!" అనేసరికి గొడుగు తేలింది. క్లాసంతా పగలబడి నవ్వింది. నేను తేలు కుట్టిన దొంగలాగా నేల చూస్తూ కూచున్నాను. ఏదో మరక ఉందనుకుని, పలక తిప్పి చూడకుండానే, ఆయన మళ్ళీ తుడిచి మళ్ళీ ఎత్తారు. కొంగ పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

ఆ గోలకు హెడ్మాస్టరు వచ్చాడు. పలక చూశాడు, అయ్యవారి కోటు చూశాడు. "ఎవరిదీ పని?" అన్నాడు. ఆడపిల్లలు ఏడుగురమూ నేల చూశాం. మగపిల్లలంతా నన్ను చూశారు. మా ఊళ్ళో మేకు గీత చూస్తే ఎవరి చెయ్యో చెప్పేస్తారు. "వాళ్ళ నాయనను పిలిపించండి" అన్నాడు హెడ్మాస్టరు. నా చదువు అక్కడితో అయిపోయిందనుకున్నాను.

మా నాయన కనుబొమల దాకా రాతిపొడితో అట్లనే హెడ్మాస్టరు గదికి వచ్చాడు. పలక చేతికిస్తే వెలుతురుకు పట్టి అటూ ఇటూ వంచి చూశాడు. "నా బిడ్డదే సారూ. ఇంత సన్నంగా మేకు పట్టేది మా వీధిలో ఇంకెవురూ లేరు" అన్నాడు. అబద్ధం చెప్పొచ్చు గదా! సిగ్గుతోపాటు ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది, అది ఆయనకు తెలియదు.

అప్పుడు అయ్యవారు మొదటిసారి పలకను తనవైపు తిప్పుకున్నారు. చాలాసేపు చూశారు. "ఇదేమిటి?"

"కొంగ, సార్" అన్నాను.

"కోటెందుకు వేసుకుంది?"

ఆయన పలక చూశారు, తన కోటు చూసుకున్నారు, మళ్ళీ పలక చూశారు. "గొడుగు తప్పు గీశావు. నేను ఎడమ చంకలో పెట్టుకుంటాను" అన్నారు.

హెడ్మాస్టరు మాత్రం నవ్వలేదు. మా నాయనా నవ్వలేదు. "రేపట్నుంచి రాదు సారూ. నేను ముందే చెప్పినా దీనికి" అన్నాడు. నాకు కక్కలేను, మింగలేను అన్నట్టయింది. తప్పయిపోయింది సార్ అనే రెండు మాటలు అనకుండానే నిలబడ్డాను.

కిటికీ అవతల నుంచి హుసేన్‌బీ గొంతు వినబడింది. "మీరే గదా సార్ చెప్పినారు, జాతీయం వారం లోపల వాడాలని? క్లీన్ స్లేట్ మీరు వాడరా?"

అయ్యవారు కిటికీ వైపు చూసి, "వాడాలి. నా రూలు నాకూ రూలే" అన్నారు. హెడ్మాస్టరుతో, "ఈ పలక శుభ్రం చేసి సోమవారం తెస్తాను. శుభ్రంగా ఉంటే ఈ అమ్మాయి క్లాసులో కూచుంటుంది. అప్పటిదాకా మీ తీర్పు ఆపండి" అన్నారు. హెడ్మాస్టరు గొణుగుతూనే ఒప్పుకున్నాడు. "మచ్చ కనబడిందా, పిల్ల ఇంటికే" అన్నాడు.

మా నాయన తల అడ్డంగా ఊపాడు. "తుడిస్తే పోదు సారూ. ఇది మేకు గీత. పోవాలంటే ఇసుకరాయి పెట్టి, గీత ఎంత లోతుందో అంత లోతుకూ పలకంతా రుద్దాల. రుద్దినకొద్దీ పలక పల్చనైతాది. ఊరికే యాడికి పోతాది?"

ఆ మాటకు అయ్యవారు గీత మీద గోరు పెట్టి గీకి చూశారు. "ఇది నా పుస్తకంలో లేదే" అన్నారు.

ఆ వారమంతా నేను ఇంట్లో రూళ్ళు గీశాను. నా బతుకులో అన్ని వంకర గీతలు ఎప్పుడూ గీయలేదు. ఆదివారం పొద్దున్నే అయ్యవారు వచ్చి, కోటు విప్పి మా పాకలో మేకుకు తగిలించారు. కోటు లేకుండా ఆయనను చూడటం అదే మొదలు. పాపం, కోటు కింద మనిషి ఇంకా సన్నంగా ఉన్నారు. నాయన రుద్దుతానంటే ఒప్పుకోలేదు. "క్షమించేది నేను. మీరు రుద్దితే జాతీయం మీరు వాడినట్టవుతుంది" అన్నారు. బాసింపట్టు వేసుకుని కూచున్నారు. నేను నీళ్ళు పోస్తూ ఉంటే ఆయన రుద్దారు.

మా నాయనకు పని దగ్గర హైస్కూలు అయ్యవారైనా ఒకటే, కూలీ అయినా ఒకటే. "అట్ల గాదు సారూ, ఒకపక్కే రుద్దతా ఉండారు, వంకర పోతాది." "అయ్యో, బలంతో గాదు, నిమ్మళంగా." "మీ ఊర్లో బియ్యం కూడా కడగరా ఏంది?" అయ్యవారు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. మధ్యాహ్నానికి కాలు పోయింది, ముక్కు పోయింది. చేతులు బొబ్బలెక్కాయి. మా అమ్మ వెన్న తెచ్చి ఇచ్చింది. సాయంత్రానికి కోటు గుండీలు ఒక్కొక్కటే పోయాయి. మిగిలింది మూలన గొడుగు. అది నేను అదిమి గీసిన గొడుగు. అయ్యవారు మళ్ళీ రాయి ఎత్తేసరికి మా నాయన చెయ్యి పట్టుకున్నాడు. గోటితో ఆ మూల కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"చాలు సారూ. ఇంక రుద్దితే పగులుతాది."

"గొడుగు కనబడుతోంది గదా!"

"కనపడనీయండి. పలక ఉండాల గదా."

సోమవారం పొద్దున నేను క్లాసు గుమ్మం బయటే నిలబడ్డాను. అయ్యవారు లోపల ఆ పలకను కడిగి, ఆరబెట్టి, రెండు చేతులతో ఎత్తి హెడ్మాస్టరుకు చూపించారు. హెడ్మాస్టరు కళ్ళద్దాలు పెట్టుకుని, దగ్గరికి వచ్చి, కిందికీ పైకీ చూశాడు. ఒక్క గీత లేదు. "ఊఁ" అన్నాడు. "కూచోమనండి" అని వెళ్ళిపోయాడు. నేను వచ్చి నా బెంచీ మీద కూచున్నాను. అప్పుడు చూశాను. బొబ్బలెక్కిన ఆయన కుడిచేతి బొటనవేలు పలక కింది మూలను గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. హెడ్మాస్టరు అడుగుల చప్పుడు వరండా దాటేదాకా ఆ వేలు కదల్లేదు.

ఆ వారం నోటుబుక్కులో రాశాను, మా అయ్యవారు నాకు క్లీన్ స్లేట్ ఇచ్చారని, ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా. పదికి తొమ్మిది వేశారు. ఒక మార్కు ఎందుకు తగ్గిందని అడిగితే, "గొడుగుకు" అన్నారు.

వెళ్ళిపోతాను, బదిలీ పెట్టుకుంటాను అంటూనే ఆయన మా వైపే ఉండిపోయారు. మార్కాపురం, కంభం, మళ్ళీ మార్కాపురం, చివరికి గిద్దలూరులో కూతురి దగ్గర. నేనూ ఇంగ్లీషు టీచరునై పొదిలిలో రిటైరయ్యాను. ఎప్పుడు చూడపోయినా, "ఏందమ్మాయ్, ఇట్ల వచ్చినావు?" అనేవారు. ఆ కోస్తా మాట ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. క్లీన్ స్లేట్ ప్రసక్తి వస్తే మాత్రం, "మీ నాయనకు నాకంటే ఇంగ్లీషు బాగా తెలుసు. ఊరికే యాడికి పోతాది అన్నాడు చూడు!" అని నవ్వేవారు. తప్పయిపోయింది సార్ అని మాత్రం నేను ఆయనతో ఒక్కసారీ అనలేదు. ఆయనా అడగలేదు. అరవై ఏళ్ళు ఉన్నాయి, చెప్పొచ్చులే అనుకున్నాను. ఇప్పుడది నన్ను పీకుతోంది.

పెద్దకర్మకు హుసేన్‌బీ, నేను గిద్దలూరు వెళ్ళాం. వరండాలో చూరు కింద ఆ పలక వేలాడుతోంది. రిటైరయ్యాక కూడా ఆయన రోజుకొక జాతీయం దాని మీద రాసి, వీధి పిల్లల కోసం పొద్దున్నే తెచ్చి తగిలించేవారట. దాన్ని వాడి చూపించిన పిల్లలు వస్తే రాత్రికి లోపలికి తీసుకెళ్ళి తుడిచేవారట. ఎవరూ వాడకపోతే అది అట్లాగే ఉండాల్సిందే. చివరగా రాసింది రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్. మూలన తేదీ వేసి ఉంది. ఈసారి గిద్దలూరులో వానల్లేవు. రెండు నెలలుగా ఆ జాతీయం అట్లాగే వేలాడుతూ ఉంది, ఆయన పోయాక దాన్ని తుడవడానికి ఎవరికీ చేతులు రాలేదు. "తియ్యమంటావా అక్కా?" అని కూతురు అడిగింది. "రూలు రూలే. వాన వచ్చిందాకా ఉండనీ" అంది హుసేన్‌బీ. పలకను చూరు అంచుకు, జల్లు తగిలేట్టు కాస్త ముందుకు జరిపి వచ్చాం.

నిన్న సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. మధ్యాహ్నం గాలీ వానా కలిసి కొట్టాయట, వీధి పిల్లలంతా వరండాలోకి ఎగబడి ఆ జాతీయాన్ని అరిచి అరిచి వాడారట. పలక మీద అక్షరాలు నిమిషంలో కారిపోయాయట. తర్వాత ఎండ కాసింది.

"అక్కా, పలక ఆరినాక మూలన ఏందో తెల్లగా లేచింది" అంది. "నాన్న ఎప్పుడూ ఆ మూలే తేదీ వేసేవాడు. ఖాళీ పలక మేమెన్నడూ చూళ్ళేదు. పిల్లలు గొడుగు గొడుగు అంటా ఉండారు. ఎవరు గీసినారో నీకేమన్నా తెలుసా?"

అవతల వరండాలో పిల్లల గోల, చూరు నుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినబడుతున్నాయి.

"నేనేనమ్మా" అన్నాను. "తప్పయిపోయింది."